మోడెమ్‌ని మూసే ఉంచి, మిగతా ఫోన్ తెరుద్దాం

2013లో డేవ్ హాకెన్స్ అనే డచ్ డిజైనర్ పెట్టిన ఫోన్‌బ్లాక్స్ వీడియో ఇప్పటికీ చక్కర్లు కొడుతూనే ఉంది. ఒక పలక, దాని మీద తెర, కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ ఒక్కో గడిలా వచ్చి కూర్చుంటాయి. ఏది పాడైతే దాన్ని పీకేసి కొత్తది గుచ్చుకోవడమే. వాట్సాప్ గుంపుల్లో ఎవరో ఒకరు దాన్ని నిన్నటి వార్తలా పంపిస్తారు, "ఇలాంటిది మనవాళ్లు ఎందుకు చేయరు?" అన్న నిట్టూర్పుతో సహా. ఓపెన్ హార్డ్‌వేర్ ఫోన్, అంటే డిజైన్ ఫైళ్లు అందరికీ తెరిచి ఉన్న ఫోన్, అనే ఆలోచనకి ఆ వీడియో మేలు కన్నా కీడే ఎక్కువ చేసిందని నా అభిప్రాయం. మన ఇష్టప్రకారం మార్చుకోగల ఫోన్ అనగానే అందరి కళ్ల ముందూ ఆ గడులే కదులుతున్నాయి. అది జరగదని తేలగానే మొత్తం ఆలోచననే పక్కన పెట్టేస్తున్నారు.

జరగగలిగింది వేరే ఉంది. బోర్డు గీసిన అసలు ఫైళ్లు బయట పెట్టాలి. మోడెమ్‌ని (సెల్ నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగాన్ని) తెరవాలనే పంతం మానేసి, దాన్నొక మూసిన పెట్టెగా ఒప్పుకుని, ఫోన్‌లో ఏ మూల వరకు దాని చెయ్యి సాగుతుందో గట్టిగా హద్దు గీయాలి. బయటి భాగాలు కలుపుకోవడానికి ఒకటి రెండు తలుపులు ఉంచాలి. అంతకు మించి అడిగిన ప్రాజెక్టులు మధ్యలోనే ఆగిపోయాయి. ఇంతకు తక్కువ ఇచ్చినవాటిని ఓపెన్ అనడానికి నాకు మనసొప్పదు.

గడులెందుకు అతకలేదు

ఆ ఊహని అందరికంటే గట్టిగా ప్రయత్నించింది ప్రాజెక్ట్ ఆరా. మోటరోలాలో మొదలైంది. మోటరోలాని లెనోవోకి అమ్మేశాక కూడా గూగుల్ దీన్ని తన దగ్గరే ఉంచుకుంది. గడుల్ని పట్టి ఉంచడానికి ఎలక్ట్రోపర్మనెంట్ అయస్కాంతాలు వాడారు. వాటికి కరెంటు క్షణం సేపు ఇస్తే పట్టు మారుతుంది, తర్వాత కరెంటు లేకుండానే నిలుస్తుంది. గడుల మధ్య డేటాకి యూనిప్రో అనే ప్రమాణం. డబ్బుకీ బుర్రలకీ కొదవ లేదు. అయినా 2016 మేలో చూపించిన రూపంలో ప్రాసెసర్, తెర, బ్యాటరీ, యాంటెన్నాలు చట్రంలోనే బిగిసిపోయాయి. మార్చుకోవడానికి మిగిలినవి కెమెరా, స్పీకర్ లాంటివే. అదే సెప్టెంబరులో ప్రాజెక్టునే ఆపేశారు.

కారణం భౌతికమైనది. ఫోన్ ర్యామ్ చాలాసార్లు ప్రాసెసర్ నెత్తి మీదే కూర్చుంటుంది, లేదా కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. మధ్యనున్న తీగలన్నీ దాదాపు ఒకే పొడవుండాలి. అక్కడ స్లాటు పెడితే వేగమూ పోతుంది, బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. ఇక రేడియో సంగతి. పక్క గడిలో ఏముందో తెలియకుండా యాంటెన్నాని ట్యూన్ చేయలేం. పది గడులు, ఒక్కోదానికి మూడు రకాలు అనుకుంటే 59,049 కలయికలు వస్తాయి. వాటిలో ఏ కలయికకని రేడియో పరీక్షలు చేయించి ధ్రువపత్రం తెస్తాం?

పరిమితంగా అడిగినవి మాత్రం నిలబడ్డాయి. ఫెయిర్‌ఫోన్ 2, 2015లో, తెరని క్లిప్పులు జరిపి, కెమెరా, కింది మైక్-ఛార్జింగ్ భాగాల్ని స్క్రూలు తీసి విడివిడిగా మార్చేలా వచ్చింది. ఉద్దేశం రిపేరు, అలంకారం కాదు. 2013 నాటి జోల్లా ఫోన్ వెనక మూతలో కరెంటుకీ ఐస్క్వేర్‌సీకీ (రెండు తీగల డేటా దారి) కొన్ని కాంటాక్టులు ఇస్తే, వాడుకరులే దానికి జారుడు కీబోర్డు చేసుకున్నారు. లినక్స్‌తో నడిచే పైన్‌ఫోన్‌లో వెనక ఆరు పోగో పిన్నులు (స్ప్రింగు మొనలు) ఉంటాయి: ఐస్క్వేర్‌సీకి రెండు, ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్ట్ ఒకటి, 5 వోల్టులు, బ్యాటరీ, గ్రౌండ్. కీబోర్డు గాని, అదనపు బ్యాటరీ గాని, మనం గీసుకున్న సెన్సార్ బోర్డు గాని ఆ ఆరింటి మీదే ఆధారపడతాయి. ఈ ఆరు పిన్నుల విలువ ఆరా అయస్కాంతాలన్నిటి కన్నా ఎక్కువని నేను వాదిస్తాను.

పీడీఎఫ్ ఇస్తే తెరిచినట్టేనా

ఓపెన్‌మోకో ఫ్రీరన్నర్ 2008లో వచ్చింది. తైవాన్ కంపెనీ ఎఫ్‌ఐసీ నీడలో పుట్టిన ప్రాజెక్టు. వాడుకలో అది మంచి ఫోన్ కాదు, ఆ మాట దాచి లాభం లేదు. అవతలి వాళ్లకి మన గొంతుతో పాటు ఝుమ్మని మోత వినిపించేది. ఎస్‌డీ కార్డు క్లాకు జీపీఎస్ చెవిలో గోల పెట్టడంతో ఉపగ్రహాలు చాలాసేపు దొరికేవి కావు. మోడెమ్ గాఢ నిద్రలోకి పోయినప్పుడు నెట్‌వర్క్ వదిలేసి, మళ్లీ పట్టుకుని, మళ్లీ వదిలేసేది. వాడుకరులు దాన్ని 1024వ నంబరు బగ్‌గా గుర్తుంచుకున్నారు.

నన్ను ఆకట్టుకున్నది ఈ లోపాలు కావు, వాటికి విరుగుడు దొరికిన తీరు. స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ, బయట ఉంది కాబట్టి మోత ఎక్కడి నుంచి వస్తోందో గీతల వెంట వెళ్లి చూశారు. అది మైక్‌కి బయాస్ (పని చేయడానికి కావలసిన చిన్న వోల్టేజీ) ఇచ్చే లైనులోకి దూరుతున్న చప్పుడు. అక్కడొక పెద్ద కెపాసిటర్ అతికిస్తే పోయింది. జీపీఎస్‌కి ముందు సాఫ్ట్‌వేర్‌లో కార్డు ఖాళీగా ఉన్నప్పుడు క్లాకు ఆపేశారు, తర్వాత 10 పికోఫారడ్ కెపాసిటర్ ఒకటి చేర్చారు. నిద్ర జబ్బుకీ మందు ఒక కెపాసిటర్ మార్పే. అది చేసుకోలేనివాళ్లు గాఢ నిద్రని ఆపేసి బ్యాటరీ నష్టపోయారు. సోల్డరింగ్ చేతకాని వాళ్ల కోసం అందరూ ఒకచోట చేరి బోర్డులు బాగు చేసుకున్న సందర్భాలున్నాయి. కంపెనీ 2009లో తర్వాతి మోడల్ పని ఆపేసినా, జర్మనీలోని గోల్డెన్ డెలీషియస్ అదే పెట్టెలో పట్టే కొత్త బోర్డు, జీటీఏ04, తయారు చేయగలిగింది.

ఇక్కడొక తేడా చూడాలి. రిపేరుకి పీడీఎఫ్ స్కీమాటిక్ ముప్పాతిక వంతు పని చేస్తుంది. ఏ పిన్ను మీద ఎన్ని వోల్టులుండాలో తెలిస్తే మల్టీమీటరు ఉన్నవాడు దారి కనుక్కుంటాడు. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల రిపేరు బల్లల మీద నడిచే పనంతా ఇదే. కంపెనీ ఇవ్వని బొమ్మల్ని చందా కట్టే సాఫ్ట్‌వేర్లలో తెరిచి, బోర్డులో ఏ కెపాసిటర్ షార్ట్ అయిందో వేడి చూసి పట్టుకుంటారు. కానీ డిజైన్ మార్చుకోవాలంటే పీడీఎఫ్‌తో కాదు. పైన్‌ఫోన్ స్కీమాటిక్ చదవడానికి దొరుకుతుంది, బోర్డు మీద గీతలు, భాగాలు ఎక్కడ రావాలో చెప్పే లేఅవుట్ అసలు ఫైలు దొరకదు. మొదటి బ్యాచ్‌ల బోర్డుల్లో యూఎస్‌బీ-సీ డాక్ పని చేయలేదు. లోపం హార్డ్‌వేర్‌దే. చదివినవాళ్లు దాన్ని కనిపెట్టి సోల్డరింగ్ మార్గం రాశారు, కంపెనీ 1.2 బోర్డులో సరిచేసింది. బయటివాడెవడూ సరిచేసిన బోర్డుని తానే అచ్చు వేయించుకోలేకపోయాడు.

నేను ఓపెన్ అని ఒప్పుకునే ఫైళ్లు ఇవి: కైక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో గాని మరో సాధనంలో గాని గీసిన అసలు స్కీమాటిక్, లేఅవుట్, బోర్డు అచ్చు వేయడానికి ఫ్యాక్టరీకి పంపే గర్బర్ ఫైళ్లు, ప్రతి భాగానికీ తయారీదారు ఇచ్చిన పూర్తి నంబరుతో జాబితా, భాగాల్ని పెట్టే స్థానాల ఫైలు, పెట్టె తాలూకు త్రీడీ స్టెప్ ఫైలు, టెస్ట్ పాయింట్ల పట్టిక. జాబితాలో "100 నానోఫారడ్, 0402" అని మాత్రమే రాసి వదిలేస్తే సరిపోదు. 6.3 వోల్టుల చిన్న సిరామిక్ కెపాసిటర్ మీద 4 వోల్టులు పడితే దాని సామర్థ్యం సగానికి దిగిపోవచ్చు. లైసెన్స్ విషయానికొస్తే, హార్డ్‌వేర్ డిజైన్ల కోసం రాసిన సెర్న్ ఓహెచ్‌ఎల్‌లో ఎస్ రకమైతే నాకిష్టం. మార్చి అమ్మినవాడు మార్పుల్ని కూడా బయట పెట్టక తప్పదు.

మోడెమ్ చుట్టూ గోడ

"మోడెమ్ లోపలి సాఫ్ట్‌వేర్ మూసి ఉన్నంత కాలం ఓపెన్ ఫోన్ అబద్ధమే" అనే వాదన తరచూ వినిపిస్తుంది. దానిలో నిజం లేకపోలేదు. ఓస్మోకామ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వాళ్లు టీఐ కాలిప్సో చిప్‌ ఉన్న పాత మోటరోలా ఫోన్ల మీద 2జీ బేస్‌బ్యాండ్‌ని (మోడెమ్ లోపలి సాఫ్ట్‌వేర్‌ని) సొంతంగా రాసి చూపించారు. అయితే 4జీకి అలాంటిది జేబులో పట్టే ఫోన్‌లో లేదు. ఒకవేళ రాసినా, లైసెన్స్ తీసుకున్న స్పెక్ట్రమ్‌లో ఎవరు పడితే వాళ్లు మార్చిన ప్రసార కోడ్‌ని ఏ దేశమూ అనుమతించదు. కాబట్టి ఆ పెట్టెని ఎక్కడ పెట్టాలన్నదే మన చేతిలో ఉన్న ప్రశ్న.

లిబ్రెమ్ 5 అనే లినక్స్ ఫోన్ దానికి ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చుతుంది. మోడెమ్ ఒక ఎం.2 కార్డు (స్లాటులో గుచ్చి తీసే చిన్న బోర్డు) మీద ఉంటుంది, వైఫై మరో కార్డు మీద. ప్రాసెసర్‌కీ మోడెమ్‌కీ మధ్య యూఎస్‌బీ మాత్రమే. అంటే మోడెమ్ ఫోన్ మెమరీని నేరుగా తడమలేదు. పక్కనున్న స్విచ్చి నొక్కితే దాని కరెంటే పోతుంది. పైన్‌ఫోన్‌లో క్వెక్టెల్ ఈజీ25-జీ మాడ్యూల్ బోర్డుకే అతికి ఉన్నా, అక్కడా దారి యూఎస్‌బీయే, వెనక మూత కింద ఆరు చిన్న స్విచ్చులూ ఉంటాయి. ఆ మాడ్యూల్ లోపల విడిగా ఒక లినక్స్ నడుస్తోందని కనిపెట్టి, ఆ భాగాన్ని వాడుకరులు తిరగరాశారు. అసలు రేడియో కోడ్ మాత్రం మూసే ఉంది. ఇంత రాజీ నాకు సమ్మతమే.

కార్డు మీద మోడెమ్ ఉండటంలో మనలాంటి చోట ఇంకో లాభం ఉంది. జియోకి 2జీ, 3జీ ఎన్నడూ లేవు. ఎయిర్‌టెల్ 3జీని 2020 నాటికి ఆపేసింది. ఒక దేశం కోసం కొన్న మోడెమ్ ఇంకో దేశంలో డేటా ఇస్తుంది, కాల్ మాత్రం పోదు. కాల్ పోవాలంటే వోల్టీ (4జీ మీదే కాల్) నమోదు కావాలి, ఆ నమోదుకి ఆపరేటర్‌కి సరిపడే ప్రొఫైల్ మోడెమ్ లోపల ఉండాలి. క్వెక్టెల్‌లో ఆ ప్రొఫైళ్లని ఎంబీఎన్ ఫైళ్లంటారు. ఏటీ+క్యూఎంబీఎన్‌సీఎఫ్‌జీ ఆదేశానికి "లిస్ట్" అని ఇస్తే ఏవి ఉన్నాయో, ఏది ఎంచుకుందో చెబుతుంది. సరైనది లేకపోతే జియో సిమ్ వేసినప్పుడు సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, ఫోన్ మాత్రం మోగదు. బ్యాండ్లు కూడా చూసుకోవాలి. ఇక్కడ 3, 5, 40 లేనిదాన్ని కొనడం దండగ. కార్డైతే మార్చుకోవచ్చు, అతికినదైతే ఫోనే మార్చాలి.

ఐఎంఈఐ విషయంలో తెలియక చిక్కుల్లో పడేవాళ్లున్నారు. మాడ్యూల్‌తో వచ్చిన నంబరు ఆ మాడ్యూల్‌దే. దాన్ని అలాగే వాడుకోవాలి. సరైన ఐఎంఈఐ లేని ఫోన్లని 2009 చివరి నుంచే మన నెట్‌వర్క్‌లు అడ్డుకుంటున్నాయి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద ఆ నంబరుని మార్చితే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఏ ఆదేశంతో మార్చవచ్చో రాసిన ట్యుటోరియల్ కనిపిస్తే ఆ పేజీ మూసేయండి.

చేత్తో కట్టేవాళ్లు తడబడే చోటు

స్మార్ట్‌ఫోన్ బోర్డు ఎనిమిది, పది పొరలది. ఒక మనిషి కూర్చుని గీసేది కాదు. బటన్ల ఫోన్ మాత్రం గీయొచ్చు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో డేవిడ్ మెలిస్ 2013 ప్రాంతంలో ప్లైవుడ్ పెట్టెలో చేసి చూపించిన ఫోన్, 2020లో జస్టీన్ హాప్ట్ చేసిన తిప్పుడు డయల్ ఫోన్, రెండింటి ఫైళ్లూ బయటే ఉన్నాయి. వాటిని చూసి మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా కొనేది సిమ్800ఎల్ అనే 2జీ మాడ్యూల్ ఉన్న చిన్న బోర్డు. మొదటి అడుగు తప్పేదీ అక్కడే.

2జీ మాడ్యూల్ మాట్లాడేటప్పుడు ప్రతి 4.615 మిల్లీసెకన్లకోసారి 577 మైక్రోసెకన్ల పాటు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి కావలసింది 3.4 నుంచి 4.4 వోల్టులు. బ్రెడ్‌బోర్డు మీద సన్నటి జంపర్ తీగలు, వాటి అతుకులు కలిపి 0.2 ఓములు ఉన్నా 0.4 వోల్టులు అక్కడే పోతాయి. 3.7 వోల్టుల సెల్ మాడ్యూల్ దగ్గరికొచ్చేసరికి 3.3 అవుతుంది. మాడ్యూల్ నెట్‌వర్క్ వెతకడం మొదలుపెట్టగానే ఆరిపోయి, లేచి, మళ్లీ ఆరిపోతుంది. చాలామంది దీనికి సిమ్‌నో యాంటెన్నానో అనుమానిస్తారు. "1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు" అనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. లెక్క చూడండి. మన సప్లై 1 ఆంపియరే ఇవ్వగలిగితే మిగతా 1 ఆంపియరు 577 మైక్రోసెకన్ల పాటు కెపాసిటర్ నుంచి రావాలి. 1000 మైక్రోఫారడ్ మీద అది సుమారు 0.58 వోల్టుల పతనం. అంటే ఆ సలహా జబ్బుని కప్పిపెడుతుందే గాని నయం చేయదు. సెల్ నుంచి మాడ్యూల్‌కి నేరుగా, పొట్టిగా, లావుగా తీగ ఉండాలి. బోర్డు మీదైతే కనీసం 2 మిల్లీమీటర్ల వెడల్పు గీత, మాడ్యూల్ పిన్ను పక్కనే 100 మైక్రోఫారడ్ టాంటలమ్, దాని పక్కన 100 నానోఫారడ్, 33, 10 పికోఫారడ్‌లు. ఆ చివరి రెండూ వరసగా 900, 1800 మెగాహెర్ట్జ్ రేడియోని మింగడానికి.

ఆ 4.615 మిల్లీసెకన్ల లయే సెకనుకి 217 సార్లు మైక్ తీగలోకి దూరి ఫ్రీరన్నర్ మోతగా వినిపించింది. మైక్ నుంచి రెండు తీగలూ జంటగా, పక్కపక్కనే, బ్యాటరీ గీతకి దూరంగా నడిపించి, మైక్ గ్రౌండ్‌ని మాడ్యూల్ గ్రౌండ్ పిన్ను దగ్గర ఒక్కచోటే కలపాలి. బోర్డు అచ్చయ్యాక దీన్ని సరిదిద్దడం నరకం.

4జీ మాడ్యూల్‌కి మారితే ఇంకో ఉచ్చు. సిమ్800ఎల్ పిన్నుల మీద సంకేతాల (లాజిక్) వోల్టేజీ 2.8. ఈజీ25-జీ, ఏ7670 లాంటివాటిది 1.8. ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ నుంచి 3.3 వోల్టులు నేరుగా ఇస్తే పిన్ను పోతుంది, మధ్యలో వోల్టేజీ మార్చే లెవెల్ షిఫ్టర్ తప్పదు. ఒకే పేరు మీద ఏ7670 రకాలు చాలా ఉన్నాయి. కొన్నింటిలో వాయిస్ ఉండదు. పేరు కాదు, చివర ఉన్న ఆర్డర్ కోడ్ చూసి కొనాలి. ఛార్జింగ్‌కి కోఠి గుజరాతీ గల్లీలో దొరికే టీపీ4056 బోర్డు పని చేస్తుంది. కాకపోతే ఛార్జ్ అవుతుండగానే ఫోన్ కూడా దాని నుంచే లాగితే, చిప్ ఛార్జింగ్ ఆపడానికి గుర్తుగా చూసే పదో వంతుకి కరెంటు ఎప్పటికీ దిగదు, ఛార్జింగ్ "అయిపోయింది" అనదు. లోడ్‌ని వేరు చేసే మాస్‌ఫెట్, డయోడ్ ఒక్కోటి చేర్చాలి.

యాంటెన్నా గీత 50 ఓములకి సరిపోవాలి. 1.6 మిల్లీమీటర్ల రెండు పొరల బోర్డు మీద అది దాదాపు 3 మిల్లీమీటర్ల వెడల్పు. దారిలో గ్రీకు అక్షరం π ఆకారంలో, యాంటెన్నాని సరిపోల్చే మూడు భాగాలకి చోటు వదలండి. మొదట మధ్యలో సున్నా ఓముల రెసిస్టర్ పెట్టి, పక్క రెండూ ఖాళీగా ఉంచాలి. తర్వాత నానోవీఎన్‌ఏ అనే యాంటెన్నా కొలిచే చిన్న పరికరంతో కొలవాలి. అదీ ఓపెన్ హార్డ్‌వేర్ పరికరమే. కొలిచేటప్పుడు పెట్టె మూసి, బ్యాటరీ, తెర లోపలే ఉండాలి. ఖాళీ బోర్డు కొలతకి విలువ లేదు.

నాకున్న అనుమానాలు

ఇదంతా చెప్పాక కూడా కొన్ని ప్రశ్నలు నన్ను వదలవు. విడి మోడెమ్ కరెంటు ఎక్కువ తాగుతుంది. ప్రాసెసర్ నిద్రపోయినప్పుడు మోడెమ్ ఒక తీగ లాగి దాన్ని లేపాలి. పైన్‌ఫోన్‌లో ఆ లేవడం ఆలస్యమై కాల్స్ తప్పిపోయిన అనుభవం చాలామందిది. లిబ్రెమ్ 5 మందం 15 మిల్లీమీటర్లు దాటింది. 2017లో డబ్బు సేకరణ మొదలైతే ఫోన్లు 2019 చివరి నుంచి గాని కదల్లేదు. రాస్ప్‌బెర్రీ పై మీద ఫోన్ కడదామనే వాళ్లకైతే పరిస్థితి ఇంకా కష్టం. ఆ బోర్డుకి ర్యామ్‌ని నిలిపి ప్రాసెసర్ పడుకునే నిద్రే లేదు. జేబులో పెట్టుకున్న ఫోన్ రోజంతా మేలుకునే ఉంటుంది.

భద్రత మాటకొస్తే, మోడెమ్ మెమరీని తాకకుండా ఇప్పటి మామూలు ఫోన్లలో ఐఓఎంఎంయూ (ఏ భాగం మెమరీలో ఎంతవరకు తాకవచ్చో హద్దు పెట్టేది) కూడా కాపలా కాస్తుంది. పైగా వాటిలో బూట్ అయ్యే ప్రతి అంచెనీ సంతకంతో సరిచూసే ఏర్పాటు ఉంది, పైన్‌ఫోన్‌లో అది లేదు. దొంగ చేతిలో పడ్డ ఫోన్ ప్రశ్న వస్తే ఓపెన్ ఫోనే ఓడిపోతుంది. విడి స్విచ్చులు దాన్ని పూడ్చవు. బూట్ తాళం చెవి వాడుకరి చేతికే ఇచ్చి, సంతకాల సరిచూపు కూడా ఉంచడం సాధ్యమే. గూగుల్ పిక్సెల్‌లో వేరే సిస్టమ్ వేసుకుని, సొంత తాళంతో మళ్లీ మూసేయవచ్చు. ఓపెన్ హార్డ్‌వేర్ వాళ్లు దీన్ని చిన్నచూపు చూడటం నాకు అంతుపట్టదు.

ఎవరికి కావాలి ఇంత తలనొప్పి అంటే, కొనేవాళ్లందరికీ అక్కర్లేదు. రిపేరు బల్ల దగ్గర కూర్చున్నవాడికి కావాలి. తెర చదవలేని వాళ్ల కోసం పెద్ద బటన్లు, బ్రెయిలీ పలక అతికించాలనుకునే వాడికి కావాలి. వంద ముక్కలు చేయించేవాడికి ఏ కంపెనీ ఫోన్ గీసిపెట్టదు. అలాంటి వాడికి హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో తెరిచిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ లాంటి చోట పెట్టె మూతో, చిన్న బోర్డో నమూనా చేసుకోవడం అయ్యే పనే. లోపలి ప్రధాన బోర్డు మాత్రం ఎవరో గీసి, ఫైళ్లతో సహా ఇచ్చి ఉండాలి.

అలా గీసేవాళ్లకి నా కోరికల పట్టీ చిన్నదే. పైన్‌ఫోన్ బ్యాటరీ శామ్‌సంగ్ జే7 బ్యాటరీ కొలతల్లో ఉంటుంది. ఆ నిర్ణయం వల్ల అది ఊరి సెల్ షాపులో కూడా దొరుకుతుంది. దాన్ని అలాగే ఉంచండి. హెడ్‌ఫోన్ స్విచ్చి ఆపితే అదే రంధ్రం 115200 వేగంతో సీరియల్ పోర్టు అయ్యే ఏర్పాటు కూడా ఉంచండి. చచ్చిన ఫోన్ చివరగా ఏం చెప్పిందో వినడానికి అంతకన్నా చవక దారి లేదు. మోడెమ్‌ని ఎం.2 మీదికి మార్చండి. మందం 3 మిల్లీమీటర్లు పెరిగినా పరవాలేదు. లేఅవుట్ ఫైలుని మొదటి ఫోన్ డబ్బాలో పెట్టిన రోజే బయట పెట్టండి, ఆరు నెలల తర్వాత కాదు.